ఆహుతి ఎవరు, యజమాని ఎవరు?

ముందు మాట దగ్గరే మొదలుపెడదాం. నడుముకి మందుగుండు కట్టుకుని వెళ్ళి, తాను చస్తూ ఎదుటివాళ్ళని చంపడాన్ని తెలుగు పత్రికలు 'ఆత్మాహుతి దాడి' అంటాయి. ఈ మాట ఎవరింట్లోంచి వచ్చింది? ఆహుతి యజ్ఞం మాట. యజ్ఞంలో యజమాని వుంటాడు, పురోహితుడు వుంటాడు, నిప్పులో పడేది వుంటుంది. ఫలం యజమానికి, దక్షిణ పురోహితుడికి. నిప్పులో పడినదానికి మిగిలేది బూడిద. చంపడాన్నీ చావడాన్నీ కలిపి మనం యెంత పవిత్రమైన పేరు పెట్టామో ఆలోచించండి.

ఈ పని మనమొక్కళ్ళమే చెయ్యలేదు. తమిళంలో ఆత్మహత్యని 'తర్కొలై' అంటారు. ఎల్‌టీటీఈ వాళ్ళు తమ నల్ల పులుల చావుకి ఆ మాట వాడనివ్వలేదు. 'తర్కొడై' అన్నారు. కొలై అంటే చంపడం, కొడై అంటే ఈవి, దానం. ఒక్క అక్షరం మార్చితే హత్య దానమైపోయింది. దానం అన్నాక పుచ్చుకున్నవాడెవడో అడగాలి కదా. ఆ ప్రశ్న అడిగినవాళ్ళని అక్కడ బతకనివ్వలేదు.

ఆత్మాహుతి దాడులకి సమాజం యెలా జవాబివ్వాలి అనే చర్చ మన దగ్గర రెండు గొంతులతోనే నడుస్తోంది. ఒక గొంతు 'ఇంకా గట్టి చట్టం తేవాలి, ఉరి తియ్యాలి' అంటుంది. రెండో గొంతు 'అణిచివేత వుంది కాబట్టి ఇది వస్తుంది' అని చెప్పి అక్కడితో ఊరుకుంటుంది. దళిత వుద్యమంలో పనిచేసేవాళ్ళకి రెండూ చాలవు. మొదటి గొంతు తెచ్చిన చట్టాలు తిరిగి తిరిగి యెవరి మీద పడతాయో మనకి తెలుసు. రెండో గొంతు చెప్పే 'అణగారిన జాతి' లోపల మళ్ళీ అణగారినవాళ్ళు యెవరో కూడా మనకి తెలుసు. అందుకే శ్రీలంకని తీసుకుని, ఆ అనుభవం మీద వచ్చిన సినిమాల్నీ పుస్తకాల్నీ చట్టాల్నీ మన వైపు నుంచి చదివే ప్రయత్నం చేస్తాను. ఆ ఒక్క ద్వీపమే ఇరవై యేళ్ళకి పైగా ఒక లౌకిక జాతీయవాద సంస్థ చేసిన ఆత్మాహుతి దాడులూ చూసింది, 2019లో మతం పేరుతో జరిగినవీ చూసింది.

సినిమా చూపిన మొహం

1991 మే 21 రాత్రి శ్రీపెరంబుదూరులో ధను అనే యువతి రాజీవ్ గాంధీని చంపి తానూ చచ్చింది. ఆ సంఘటన తర్వాత మన సినిమాకి 'మానవబాంబు' మీద మోజు పుట్టింది. 1998లో మణిరత్నం తీసిన 'దిల్ సే' తెలుగులో 'ప్రేమతో'గా వచ్చింది. అదే కాలంలో సంతోష్ శివన్ తమిళంలో 'ది టెర్రరిస్ట్' తీశాడు. రెండింట్లోనూ బాంబు కట్టుకునేది ఆడపిల్లే.

'ప్రేమతో'లో మేఘన చిన్నప్పుడు సైనికుల చేతిలో అత్యాచారానికి గురైంది. ఆ గాయమే ఆమెని బాంబు దాకా నడిపించిందని సినిమా చెబుతుంది. చివరికి ఢిల్లీ రేడియో వుద్యోగి కౌగిలిలో ఇద్దరూ పేలిపోతారు. శివన్ సినిమాలో మల్లి తాను గర్భవతినని తెలుసుకుంటుంది, ఆఖరికి మీట నొక్కలేకపోతుంది. ఒకచోట ప్రేమ, ఇంకోచోట మాతృత్వం. పరిష్కారం రెండుచోట్లా ఆడదాని ఒంటిలోనే దొరికింది!

సైన్యాలు అత్యాచారాలు చెయ్యలేదని నేననడం లేదు. చేశాయి. భారత శాంతి సేన 1987లో జాఫ్నాలో అడుగుపెట్టాక ఆడవాళ్ళకి జరిగింది రాసిపెట్టినవాళ్ళున్నారు, వాళ్ళ దగ్గరికి తర్వాత వస్తాను. నా అభ్యంతరం వేరు. సినిమా ఒక మొహాన్ని దగ్గరగా చూపిస్తుంది, ఆ మొహం వెనకున్న ఏర్పాటుని చూపించదు. బాంబు చొక్కా కుట్టినవాడు, గురి యెంచినవాడు, పటం కట్టించి యేటా దండ వేసేవాడు మనకి సరిగ్గా కనిపించరు. ఎల్‌టీటీఈలో నల్ల పులులు ఆఖరిసారి నాయకుడితో కూర్చుని భోంచేసేవాళ్ళు, ఫొటో దిగేవాళ్ళు. యేటా జులై 5న వాళ్ళ దినం జరిపేవాళ్ళు. 1987లో అదే రోజున మిల్లర్ అనే పేరుతో పనిచేసిన కుర్రాడు, నెల్లియడిలో బడిని శిబిరంగా మార్చుకుని వున్న సైన్యం మీదికి మందుగుండు నింపిన లారీ నడిపించాడు. ఇది ఒంటరి గుండె రగిలి చేసిన పని కాదు. పద్ధతిగా, పండగతో సహా నడిచిన వ్యవస్థ. ఒక్క గుండెకి చేసే వైద్యం వ్యవస్థకి పనికిరాదు.

లెక్కల పుస్తకం

షికాగో విశ్వవిద్యాలయంలో రాజనీతి చెప్పే రాబర్ట్ పేప్ 2005లో 'డైయింగ్ టు విన్' అనే పుస్తకం రాశాడు. 1980 నుంచి 2003 దాకా ప్రపంచంలో జరిగిన 315 ఆత్మాహుతి దాడుల్ని లెక్కగట్టాడు. అందులో 76 దాడులు ఎల్‌టీటీఈవే, యే సంస్థ కన్నా యెక్కువ. ఎల్‌టీటీఈ మతం పేరుతో పనిచేసింది కాదు, దాని సభ్యులు యెక్కువగా హిందూ కుటుంబాల్లో పుట్టినవాళ్ళు. ఇస్లాంకీ ఆత్మాహుతికీ ముడిపెట్టి రాసేవాళ్ళ నోరు మూయించడానికి ఈ లెక్క బాగా పనికొచ్చింది. 2001 సెప్టెంబర్ తర్వాత ముస్లింలందర్నీ అనుమానంగా చూస్తున్న రోజుల్లో ఆ మాత్రం చెప్పడమూ మేలే.

మరి పేప్ చెప్పిన కారణం? తమది అనుకున్న నేల మీద పరాయి సైన్యం వుంటే, ఆ సైన్యాన్ని పంపిన దేశం ప్రజాస్వామ్యమైతే, బలహీనమైన పక్షం ఈ పద్ధతి యెంచుకుంటుందంటాడు. జవాబుగా అమెరికా తన సైన్యాల్ని దూరంగా పెట్టుకోవాలంటాడు. ఇది రాజ్యానికి ఇచ్చిన సలహా. సమాజానికి ఇందులో యేముంది?

ఇక్కడే లెక్క దెబ్బతింటుంది. 1999 జులై 29న కొలంబోలో నీలన్ తిరుచెల్వంని ఆత్మాహుతి దాడిలో చంపారు. ఆయన ఆక్రమణ సైన్యం మనిషా? తమిళుడు, న్యాయవాది, పార్లమెంటు సభ్యుడు. తమిళులకి అధికార వికేంద్రీకరణ కోసం రాజ్యాంగ ప్రతిపాదనలు రాస్తున్నవాడు. 1996 జనవరి 31న కొలంబో సెంట్రల్ బ్యాంకు దగ్గర లారీ పేలింది. దాదాపు 90 మంది చనిపోయారు, వెయ్యిమందికి పైగా గాయపడ్డారు. వాళ్ళలో గుమాస్తాలు, దారిన పోయేవాళ్ళు యెంతమందో! పేప్ పట్టికలో ఇవన్నీ ఒక్కో 'దాడి'. 'తమిళులు' అనేది ఒకే ముద్ద. ఆ ముద్ద లోపల యెవరు యెవర్ని మాట్లాడనివ్వలేదు అనే ప్రశ్నకి పట్టికలో గడి లేదు. 'భారతీయులు', 'హిందువులు', 'తెలుగువాళ్ళు' అనే ముద్దల్లో మనల్ని కలిపేసి మాట్లాడేవాళ్ళని చూసినవాళ్ళం కనుక ఈ లోపం మన కంట్లో వెంటనే పడుతుంది.

తాటిచెట్టు యెక్కేదెవరు?

ఆ గడిని తెరిచిన పుస్తకం 'ది బ్రోకెన్ పామైరా', విరిగిన తాటిచెట్టు. 1990లో వచ్చింది. రాజన్ హూల్, దయా సోమసుందరం, కె. శ్రీధరన్, రజని తిరణగమ అనే నలుగురు జాఫ్నా విశ్వవిద్యాలయ అధ్యాపకులు కలిసి రాశారు. రజని వైద్యకళాశాలలో శరీరశాస్త్ర విభాగాధిపతి. ఒకప్పుడు ఎల్‌టీటీఈకి మద్దతుగా పనిచేసింది, తర్వాత దానితో తెగతెంపులు చేసుకుంది. భారత సైన్యం చేతిలో ఆడవాళ్ళు పడిన బాధల్ని వాళ్ళ నోటనే విని రాసింది ఆమే. 1989 సెప్టెంబర్ 21న సైకిల్ మీద ఇంటికెళ్తుంటే కాల్చి చంపారు. చంపింది ఎల్‌టీటీఈనేనని ఆమె సహచరులు చెప్పారు. పుస్తకం ఆమె పోయాక వెలుగు చూసింది. మిగిలిన సహచరులు అజ్ఞాతంలో వుంటూ, మానవహక్కుల విశ్వవిద్యాలయ ఉపాధ్యాయుల సంఘం పేరుతో రెండు వైపుల నేరాల్నీ యేళ్ళ తరబడి నమోదు చేశారు.

ఈ పుస్తకం సైన్యాన్ని ఒక కొలతతో, పులుల్ని ఇంకో కొలతతో కొలవదు. 1956 సింహళ భాషా చట్టం, 1981లో జాఫ్నా గ్రంథాలయం తగలబెట్టడం, 1983 జులై మారణకాండ, ఇవన్నీ జరిగాయి. అవి జరిగినందువల్ల తమిళుల్లో పుట్టిన కోపం న్యాయమైంది. కానీ కోపం న్యాయమైనదైనంత మాత్రాన, ఆ కోపానికి యజమానిగా నిలబడి తోటి సంస్థల కుర్రాళ్ళని వీధుల్లో కాల్చి చంపినవాళ్ళ పెత్తనం న్యాయమైపోదు. ఈ తేడా చెప్పడానికి రజని ప్రాణం పెట్టింది.

ఆ పుస్తకంలో నాకొక వెలితి వుంది. తాటిచెట్టు జాఫ్నాకి గుర్తు సరే, ఆ చెట్టెక్కి కల్లు దించేదెవరు? నళవర్, పళ్ళర్ లాంటి అంటరాని కులాలవాళ్ళు. జాఫ్నాలో భూమి, బడి, గుడి వెల్లాలర్ చేతుల్లో వుండేవి. 1960ల చివర మావిట్టపురం గుడిలోకి పోతామన్న దళితుల్ని అడ్డుకున్నది సింహళ సైన్యం కాదు, తమిళ అగ్రకులమే. ఆ బతుకుని రాసినవాడు కె. డానియల్. ఆయన 'పంచమర్' నవల 1972లో వచ్చింది. అధ్యాపకుల పుస్తకాన్నీ డానియల్ నవలనీ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే జాఫ్నా పూర్తిగా కనిపిస్తుంది.

తేయాకు తోటల సంగతి ఇంకో కథ. తమిళనాడు నుంచి కూలికి తీసుకుపోయినవాళ్ళలో చాలామంది దళితులు. 1948 పౌరసత్వ చట్టంతో వాళ్ళని ఆ దేశానికి కాని మనుషుల్ని చేశారు. వాళ్ళ చెమటతో దేశం బతికింది, వాళ్ళకి ఓటు లేకపోయింది.

ఎల్‌టీటీఈ కులభేదం పాటించకూడదని నిషేధం పెట్టిన మాట నిజమే. తుపాకీ భయంతో అంటరానితనం బయటికి కనబడకుండా పోయింది. కనబడకపోవడం వేరు, పోవడం వేరు. యుద్ధం ముదిరాక డబ్బూ విదేశాల్లో చుట్టాలూ వున్నవాళ్ళు కెనడా, లండన్ వెళ్ళిపోయారు. దిక్కులేనివాళ్ళు మిగిలారు. వాళ్ళ పిల్లల్నే బలవంతంగా సైన్యంలో చేర్చుకున్నారు. 1990లో వలికామం ప్రాంతం నుంచి తరిమేసినప్పుడు చెట్టుకొకరు పుట్టకొకరు అయినవాళ్ళలో, దశాబ్దాల తర్వాత కూడా శిబిరాల్లోనే వుండిపోయినవాళ్ళు యెక్కువగా అణగారిన కులాలవాళ్ళని పరిశోధకులు రాశారు. మొదట్లో అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. యజమాని యెవరో, ఆహుతి యెవరో ఈ శిబిరాల్లో పేర్లు రాసుకుంటే తెలుస్తుంది.

చచ్చినవాణ్ణి వదిలి బతికున్నవాళ్ళ మీద

ఇప్పుడు రాజ్యం ఇచ్చిన జవాబు చూద్దాం. చావడానికి సిద్ధపడి వచ్చినవాణ్ణి ఉరి భయపెట్టదు. ఈ చిన్న సంగతి చట్టాలు చేసేవాళ్ళకి తెలియక కాదు. నేరం చేసినవాడు చేతికి చిక్కడు, ముక్కలై పోయాడు. అప్పుడు చట్టం అతని చుట్టూ వున్నవాళ్ళ మీద పడుతుంది. ఇల్లు అద్దెకిచ్చినవాడు, బ్యాటరీ కొన్నవాడు, అదే గుడికో మసీదుకో పోయేవాడు, అదే భాష మాట్లాడేవాడు.

రాజీవ్ గాంధీ హత్య కేసులో 1998 జనవరిలో టాడా కోర్టు 26 మందికీ ఉరిశిక్ష వేసింది. ఒక్కర్నీ వదల్లేదు. 1999 మే నెలలో సుప్రీంకోర్టు అసలిది టాడా కిందకి రాదంది, 19 మందిని హత్యానేరం నుంచి తప్పించింది, నలుగురికే ఉరి ఖాయం చేసింది. ఆ నలుగురిలో పేరరివాళన్ ఒకడు. అరెస్టయ్యేనాటికి 19 యేళ్ళు. రెండు బ్యాటరీలు కొనిచ్చాడన్నది ఆరోపణ. అతని వాంగ్మూలం రాసుకున్న సీబీఐ అధికారే, అతనన్న మాటలన్నీ తాను రాయలేదని 2013లో బయటపెట్టాడు. 2014లో ఉరి యావజ్జీవమైంది, 2022 మే నెలలో సుప్రీంకోర్టు విడుదల చేసింది. ముప్ఫై యేళ్ళు! పోలీసు ముందు చెప్పిన మాటని సాక్ష్యంగా తీసుకోవచ్చని టాడా చెప్పబట్టే ఇంత జరిగింది.

అదే 1991లో, ఆగస్టు 6న, మన గుంటూరు జిల్లా చుండూరులో యెనిమిదిమంది దళితుల్ని వెంటాడి నరికి చంపారు. దానికి యెవరూ ఉగ్రవాదం అనే పేరు పెట్టలేదు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కావాలని పోరాడి తెచ్చుకుంటే, తీర్పు 2007లో వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి యేడాది జైలు. 2014 యేప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఒక కేసులో సాక్ష్యం చాలకపోయినా అందరికీ ఉరి. ఇంకో కేసులో పట్టపగలు ఊరు చూస్తుండగా జరిగినా యెవరికీ శిక్ష నిలవలేదు. చుండూరు నిందితులకి టాడా పెట్టాలని నేనడగడం లేదు. మామూలు చట్టమే రెండుచోట్లా నిజాయితీగా నడవాలని అడుగుతున్నాను.

హైదరాబాదులోనూ ఆత్మాహుతి దాడి జరిగింది. 2005 అక్టోబర్ 12, దసరా రోజు. బేగంపేటలో టాస్క్‌ఫోర్స్ ఆఫీసులోకి ఒకడు బాంబుతో వచ్చాడు. పోయింది పెద్ద అధికారి కాదు, ఒక హోంగార్డు. ఇంకో హోంగార్డు గాయపడ్డాడు. పండగ పూట కాపలా వుండేదెవరు? రోజు లెక్కన జీతం తీసుకునేవాడు. గాలించి పదిమందిని జైల్లో వేశారు. పన్నెండేళ్ళ తర్వాత, 2017 ఆగస్టులో, సాక్ష్యాలు లేవని కోర్టు ఆ పదిమందినీ వదిలేసింది. చాలామంది ఆ యేళ్ళన్నీ లోపలే గడిపారు. ఇటు ఆ హోంగార్డు ఇంటివాళ్ళకి న్యాయం దొరకలేదు, అటు ముస్లిం కుర్రాళ్ళ యౌవనం తిరిగి రాదు. రాజ్యం ఇచ్చిన గట్టి జవాబు యెవరికి మేలు చేసింది?

టాడా 1995లో పోయింది, పోటా 2004లో పోయింది. వాటి కోరలు మాత్రం ఉపా చట్టంలోకి వచ్చాయి. 2008 నవంబర్‌లో ముంబయి మీద దాడి జరిగాక నెల తిరక్కుండా ఆ చట్టాన్ని మార్చి బెయిలు దాదాపు దొరక్కుండా చేశారు. సముద్రం మీంచి తుపాకులతో వచ్చినవాళ్ళని చూపించి తెచ్చిన ఆ సవరణ, 2020 యేప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి రోజున, ఆనంద్ తేల్తుంబ్డే మీద పడింది. దళిత మేధావి, అధ్యాపకుడు, పుస్తకాలు రాసుకునే మనిషి. రెండున్నరేళ్ళు జైల్లో వున్నాక బెయిలొచ్చింది. శ్రీలంకలోనూ ఇదే కథ. ఉగ్రవాద నిరోధక చట్టాన్ని 1979లో తాత్కాలికమని తెచ్చారు, 1982లో శాశ్వతం చేశారు. 2009లో యుద్ధం ముగిసినా అది ముగియలేదు. 2020లో హెజాజ్ హిజ్బుల్లా అనే ముస్లిం న్యాయవాదిని అదే చట్టం కింద పట్టుకుని దాదాపు రెండేళ్ళు జైల్లో పెట్టారు.

యుద్ధంతోనైనా ఆ రాజ్యం సమస్యని ముగించింది కదా అనేవాళ్ళున్నారు. ముగించింది. ఆఖరి నెలల్లో 40,000 మంది దాకా పౌరులు చనిపోయి వుండొచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2011లో చెప్పింది. అది ముగింపు అయితే, శ్మశానం కూడా ప్రశాంతంగానే వుంటుంది.

కాత్తాన్‌కుడి చెప్పేది

శ్రీలంక తూర్పు తీరంలో కాత్తాన్‌కుడి అనే ముస్లిం పట్నం వుంది. 1990 ఆగస్టు 3న రాత్రి నమాజు వేళ ఎల్‌టీటీఈ వాళ్ళు అక్కడి రెండు మసీదుల్లో చొరబడి వందమందికి పైగా కాల్చి చంపారు. ఆ అక్టోబర్‌లో ఉత్తర ప్రాంతం ముస్లింలందర్నీ, 70 వేల మందికి పైగా, కట్టుబట్టలతో వెళ్ళగొట్టారు. అణగారిన జాతి పేరుతో లేచిన సంస్థ తన కన్నా చిన్నవాళ్ళకి చేసింది ఇది.

దాదాపు ముప్ఫై యేళ్ళ తర్వాత అదే కాత్తాన్‌కుడి నుంచి జహ్రాన్ హాషిం వచ్చాడు. 2019 యేప్రిల్ 21, ఈస్టర్ ఆదివారం, అతని ముఠా మూడు చర్చిల్లో, మూడు పెద్ద హోటళ్ళలో తమని తాము పేల్చుకుంది. 260 మందికి పైగా చనిపోయారు. ప్రార్థనకి కూర్చున్న కుటుంబాలకి కుటుంబాలే పోయాయి. పేల్చుకున్నవాళ్ళలో ఇద్దరు కొలంబోలో సంపన్నుడైన మసాలా వ్యాపారి కొడుకులు. కనుక పేదరికమే ఆత్మాహుతికి కారణమనే తేలిక మాట కూడా మనం మానుకోవాలి. పేదల్ని పుట్టు నేరస్థులుగా చూపించడానికి అది దారి తీస్తుంది.

ఇందులో మనం నేర్చుకోవలసింది వేరే వుంది. జహ్రాన్ గురించి యేళ్ళ ముందే పోలీసులకి ఫిర్యాదు చేసింది కాత్తాన్‌కుడి ముస్లింలే. 2017లో అతని మనుషులు సూఫీల మీద దాడి చేశారు. అప్పుడు యెవరూ పట్టించుకోలేదు. చిన్న మనుషుల గొడవ అనుకున్నారు. దాడికి ముందు భారత నిఘా సంస్థలు చేసిన హెచ్చరికలు కూడా కాగితాల్లోనే వుండిపోయాయి. దాడి తర్వాత సాయిందమరుదులో దాక్కున్న ముఠా గురించి పోలీసులకి చెప్పింది కూడా ఆ ఊరి ముస్లింలే. దానికి ప్రతిఫలంగా వాళ్ళకేం దక్కింది? 2019 మే నెలలో వాయవ్య ప్రాంతంలో మూకలు ముస్లింల దుకాణాలూ మసీదులూ ధ్వంసం చేశాయి. ఆడవాళ్ళ మొహం ముసుగు మీద నిషేధం వచ్చింది. తర్వాత కోవిడ్ రోజుల్లో చనిపోయిన ముస్లింలని వాళ్ళ మత పద్ధతికి వ్యతిరేకంగా దహనం చేశారు.

ఒక్క సంగతిలో మాత్రం ఆ దేశం మనకి దారి చూపించింది. 2023 జనవరిలో అక్కడి సుప్రీంకోర్టు, హెచ్చరికలు అందినా కదలనందుకు మాజీ అధ్యక్షుడు సిరిసేనని బాధితుల కోసం పది కోట్ల రూపాయలు సొంతంగా కట్టమంది. పోలీసు, నిఘా అధిపతులకీ జరిమానాలు వేసింది. ఊరి మీద పడకుండా, బాధ్యత వున్న కుర్చీ మీద పడిన తీర్పు అది.

మనం యేమనాలి?

1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చేసిన ప్రసంగం మనందరికీ తెలుసు. రక్తపాత మార్గాలు వదిలెయ్యాలన్నాడు. రాజ్యాంగబద్ధమైన దారులు తెరిచి వున్నప్పుడు వేరే దారులకి సమర్థన లేదన్నాడు. రాజ్యం ఈ ముక్క మాత్రమే చదువుతుంది. అదే ప్రసంగంలో, సామాజిక, ఆర్థిక అసమానతల్ని త్వరగా తొలగించకపోతే వాటితో బాధపడేవాళ్ళే ఈ ప్రజాస్వామ్య కట్టడాన్ని పేల్చేస్తారనీ హెచ్చరించాడు. తుపాకీ పట్టినవాళ్ళు ఈ ముక్క మాత్రమే చదువుతారు. రెండూ ఒకే మనిషి ఒకే రోజు అన్న మాటలు. కలిపి చదవడమే మన పని.

కలిపి చదివితే నాకు తోచేది ఇది. దాడి చేసినవాళ్ళ వెనక ఏర్పాటు చేసినవాళ్ళని మామూలు చట్టంతో, మామూలు సాక్ష్యంతో పట్టుకోవాలి. అది మెతకదనం కాదు. బేగంపేట కేసులా పన్నెండేళ్ళకి కూలిపోయే కేసు కన్నా, గట్టి సాక్ష్యంతో నిలిచే కేసే హోంగార్డు ఇంటికి న్యాయం. బాధ వున్నచోట ఆ బాధని రాజ్యం తీర్చాలి, బాంబు పేలినందుకు కాదు, అది బాధ అయినందుకు. బాంబుకి భయపడి ఇస్తే బాంబు పెట్టినవాడు నాయకుడవుతాడు. బాంబు సాకుతో ఆపేస్తే అప్పుడూ వాడే నాయకుడవుతాడు.

అన్నిటికన్నా ముఖ్యమైంది ఇంకోటి. ప్రతి అణగారిన సమూహం లోపలా రజని లాంటి మనిషి, నీలన్ లాంటి మనిషి, కాత్తాన్‌కుడిలో ఫిర్యాదు పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళిన మనిషి వుంటారు. వాళ్ళని కాపాడుకున్న సమాజమే ఆత్మాహుతికి జవాబు చెప్పగలుగుతుంది. రాజ్యం వాళ్ళ మాట వినదు. వుద్యమం వాళ్ళని ద్రోహులంటుంది. మన రాష్ట్రంలో బాలగోపాల్ పడిన బాధ తెలిసిందే. రాజ్యహింసతోపాటు వుద్యమ హింసనీ ప్రశ్నించాలన్నందుకు పాత సంఘంతో పొసగక, 1998లో కొందరు మిత్రులతో కలిసి మానవ హక్కుల వేదిక పెట్టుకోవాల్సొచ్చింది. ఆయనతో యెన్ని విభేదాలున్నా ఆ చోటు కావాలి. మన దళిత సంఘాల్లో కూడా అడిగేవాళ్ళకి ఆ చోటు వుందా? ముందు మన ఇల్లు చూసుకుని చెప్పాలి.

ఈ ప్రశ్నలు వేసినప్పుడల్లా 'మీరు టెర్రరిస్టుల్ని వెనకేసుకొస్తున్నారు' అని ఒకరంటారు, 'మీరు రాజ్యం భాష మాట్లాడుతున్నారు' అని ఇంకొకరంటారు. రెండు తిట్లూ ఒకేసారి పడితే నేను సరైన చోటే నిలబడ్డానని అనుకోను, అది గర్వం. కానీ రెండు వైపులా చచ్చినవాళ్ళ జాబితా చదివితే, గేటు దగ్గర కాపలా వున్నవాళ్ళూ, చర్చిలో కూర్చున్నవాళ్ళూ, తోటలో ఆకు కోసేవాళ్ళూ, చెట్టెక్కేవాళ్ళ పిల్లలూ కనిపిస్తారు. ఆ జాబితాలో మనవాళ్ళున్నారు. వాళ్ళకి ఆహుతి అనే పేరు మనం పెట్టలేదు, ఇకనైనా ఒప్పుకోకూడదు. టీచర్లు పాఠం చెప్పేటప్పుడు, విద్యార్థులు పోస్టర్ రాసేటప్పుడు, కార్యకర్తలు మైకు పట్టుకున్నప్పుడు ముందు ఆ మాట దగ్గర ఆగాలి. ఎవరు చచ్చారు, ఎవరు చంపారు, ఎవరు పంపారు అని విడివిడిగా చెప్పాలి.